గొట్టంలో మట్టి

అన్యాయం జరిగింది ఎవరికి? మాచర్ల బస్టాండులో ఇంజన్లు బాగుచేసే ముర్తుజాకు. చేసినదెవరు? రెంటచింతల మోతుబరి అంతోని రెడ్డి. ఎలా చేశాడు? బస్టాండు నిండా జనం వింటుండగా, ఒక్క మాటతో.

1939లో ఈస్టరు మరునాడు రెడ్డిగారి రెండు సీట్ల రేసు కారు మాచర్ల దారిలో సలసల కాగి, పొగను బయటికి వదిలే వాల్వు మాడి, నిలిచిపోయింది. అంతకు పది రోజుల ముందే ఆ ఇంజనును విప్పి బిగించినవాడు ముర్తుజా. రెడ్డి కారుకు ఎడ్లను కట్టించి బస్టాండుకు ఈడ్పించాడు.

"ఈడు నా ఇంజను తగలబెట్టాడు. ఇక ఈడి చేతికి బండి అప్పగించినోడు నా సరుకు మొయ్యక్కర్లేదు!" అన్నాడు అందరి ముందూ.

"ఆ సైలెన్సరు ఒక్కసారి కోసి చూడనియ్యండి, రెడ్డిగారూ. పొగ సరిగ్గా పోవటం లేదు," అని ముర్తుజా బతిమాలాడు.

"మాడింది చాలక, కొయ్యటం కూడానా?"

ఆ చుట్టుపక్కల మిరపకాయ బస్తాల్లో సగం రెడ్డివే. వాటిని వద్దనుకోగల లారీ లేదు, బస్సు లేదు. సాయంత్రానికల్లా ముర్తుజా పని పోయింది. తరువాత యుద్ధం వచ్చి, పెట్రోలు కరువై, బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచిన కాలంలో, తాను బాగుచేసిన బస్సులకే బొగ్గు కొట్టి పోసే కూలీ అయ్యాడతను.

ఆ కాలమే అతని భార్య హజ్రా బీకి వృత్తినిచ్చింది. ఆమెది కళాయి పనివారి వంశం. గ్యాసు గొట్టాలకు మాట్లు వేయడంతో మొదలుపెట్టి, గొట్టాలను కాల్చి వంచడం దాకా వచ్చింది. యుద్ధం ముగిసేనాటికి గురజాల నుంచి సైతం గొట్టం పనికి ఆమె పాకకే వచ్చేవారు. తన పనితనం మీద హజ్రా బీకి ఇసుమంతైనా అనుమానం లేదు. ఆమెకు కావలసినది ఒక్కటే. భర్త పేరును ఎవరు తీసుకున్నారో వారే తెచ్చి ఇవ్వాలి.

1946 వేసవిలో ఒకనాటి ఉదయం అంతోని రెడ్డి కారు ఆమె పాక ముందు దగ్గుతూ ఆగింది. వాల్వు ఏనాడో గుంటూరులో మార్పించారు. అయినా కారుకు మునుపటి సత్తువ రాలేదు. యుద్ధకాలమంతా కొట్టంలో దిమ్మెల మీద కూర్చున్నది.

"మిట్ట ఎక్కటం లేదు, హజ్రా బీ. ఈ సన్న గొట్టం తీసేసి లావుది వెయ్యి. సైలెన్సరు కూడా కొత్తది చెయ్యి," అన్నాడు రెడ్డి. మళ్లీ, "ఒక్క సంగతి. మీ ఆయన చెయ్యి దీని మీద పడగూడదు," అన్నాడు.

"పడదు," అన్నది హజ్రా బీ. "నాదీ ఒక సంగతుంది. పాత సైలెన్సరు డబ్బాని మీ కళ్ల ముందే కోస్తాను. రేపు పొద్దున మీరూ, మీ డ్రైవరు కోటయ్యా ఇద్దరూ ఉండాల."

"కోసేదానికి నేనెందుకు?"

"లోపల ఏదన్నా ఉంటే నేను పెట్టానంటారు గనక."

డ్రైవరు కోటయ్య కిసుక్కున నవ్వి, యజమాని చూపు తగలగానే దగ్గుగా మార్చాడు.

ఆ సాయంత్రం బొగ్గు మసితో ఇంటికి వచ్చిన ముర్తుజా, కారును చూసి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఏమే, దీన్ని మన వాకిట్లోకి ఎట్టా రానిచ్చావు?"

"కారు నిన్నేమీ అనలేదుగా. అన్నది దాని యజమాని."

"తియ్యి, ఆ డబ్బా ఇప్పుడే కోద్దాం. ఏడేళ్ల నుంచీ నా ప్రాణం అందులోనే ఉంది."

"నువ్వు దాన్ని తాకావా, నీ ప్రాణం అందులోనే ఉండిపోద్ది. రేపటిదాకా ఆగు."

మరునాడు రెడ్డి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. హజ్రా బీ సైలెన్సరును దిమ్మె మీద పెట్టి, రంపంతో పొడుగునా కోసి, పట్టకారుతో రేకును విప్పింది. లోపల, పొగ పోవలసిన దారిని ముప్పాతిక మూసేసి, ఎర్రగా కాలిన మట్టిగడ్డ ఉన్నది. మాడిన కొబ్బరి పీచు పోగులు దానికింకా అంటుకునే ఉన్నాయి.

కోటయ్య వంగి చూశాడు. "అయ్యా! ఇది మన దొడ్లో పుట్టమన్నే! ఆ పెద్ద శుక్రవారం నాడు మనం..." అని నాలుక కరచుకున్నాడు.

రెంటచింతల క్రైస్తవులు, క్రీస్తు మరణానికి దుఃఖించే ఈస్టరు ముందరి రోజుల్లో, పెద్ద గురువారం నుంచి గుడి గంట మోగించరు. చెక్కలు కొట్టి జనాన్ని పిలుస్తారు. అటువంటి రోజుల్లో ఊరు దద్దరిల్లేలా అరిచే కారులో గుడికి పోవడం ఎలాగన్నది ఆనాడు రెడ్డికి వచ్చిన చిక్కు. నడిచిపోవచ్చునన్న ఆలోచన ఆయనకు రాలేదు. సైలెన్సరు వెనుక మూతిలోనుంచి పుట్టమన్నూ కొబ్బరి పీచూ కలిపి కూరి, వేలు దూరేంత సందు వదిలి, కారు నోరు మూయించాడు.

"నేనే పెట్టాను," అన్నాడు రెడ్డి. "శనివారం నా చేత్తోనే తీసేశాను గదా."

"పీచు తీశారు. మట్టి లోపలికి జారి, కాలి కుండయింది. పొగ పోయే దారి లేక ఇంజను కాగింది. ముర్తుజా కోసి చూస్తానన్నది దీన్నే."

"ఏడేళ్ల కూలి ఎంతవుద్దో చెప్పు. ఇస్తాను."

"మీరు డబ్బు తీసుకోలేదు, రెడ్డిగారూ. పేరు తీసుకున్నారు. ఎక్కడ తీసుకున్నారో అక్కడే, అందరి ముందే ఇయ్యండి."

"ఇయ్యకపోతే?"

"కారు మాత్రం బాగుచేసే ఇస్తాను. అది నా పని. పేరు తిరిగియ్యటం మీ పని."

రెడ్డి లేచి వెళ్లిపోయాడు.

హజ్రా బీ నాలుగు రోజులు పనిచేసింది. మిలిటరీ వారు అమ్మేసిన సామానులో దొరికిన రెండంగుళాల గొట్టం తెచ్చింది. కృష్ణ ఇసుకను పెనం మీద తడి లేకుండా వేయించి, గొట్టంలో కూరి కొట్టి, రెండు కొసలా చెక్క బిరడాలు బిగించింది. తడి ఇసుకైతే ఆవిరి పుట్టి గొట్టం పేలుతుంది. వదులు ఇసుకైతే వంపు దగ్గర నొక్కుకుపోతుంది. ఆమె గొట్టం పేలలేదు, నొక్కుకోలేదు. కొలిమిలో ఎర్రబారిన చోటల్లా మెత్తగా వంగి, ఇరుసు మీదుగా కారు వెనక్కి సాగింది. ఇత్తడి బాగా పట్టేందుకు అతుకులకు వెలిగారం చల్లి, కరిగించి పోసింది. సైలెన్సరులో అడ్డు రేకులు మానేసి, చిల్లులు పొడిచిన గొట్టాన్ని నిలువునా పెట్టి, దాని చుట్టూ ఇనుప పీచు చుట్టి, పైన డబ్బా మూసింది.

అయిదో రోజున కోటయ్య హ్యాండిలు తిప్పగానే కారు గొంతు మారిపోయింది. అరుపు లేదు. నిండుగా, బరువుగా పలికింది. రెడ్డి కూలి ఇచ్చి, కారెక్కి, స్టేషను పక్క మిట్టను ఒక్క ఊపున ఎక్కించి, వెనుదిరిగి చూడకుండా వెళ్లిపోయాడు.

"పోయింది నీ న్యాయం, పొగతో పాటు," అన్నాడు ముర్తుజా.

"రేపు సంత. జనం ఉండేది రేపే," అన్నది హజ్రా బీ.

సంతనాడు పొద్దెక్కాక ఆ బరువైన గొంతు బస్టాండులోకి వచ్చింది. హజ్రా బీ పాక వదిలి వెళ్లేసరికి, రెడ్డి కారు దిగి నిలబడి ఉన్నాడు. డ్రైవర్లు, కూలీలు, బస్తాల మీద కూర్చున్న రైతులు చూస్తున్నారు. బొగ్గు గంప పక్కన ముర్తుజా ఉన్నాడు.

"ఏడేళ్ల కింద నా కారు మాడినప్పుడు," అని రెడ్డి మొదలుపెట్టాడు, "ఏదో పొరపాటు జరిగింది. అది ముర్తుజాది కాదు."

జనం గుసగుసలాడారు. రెడ్డి కారు వైపు తిరగబోయాడు.

"మరి ఎవరిది, రెడ్డిగారూ?" హజ్రా బీ అందరి వెనుక నుంచి అడిగింది. "సగం బాకీ తీర్చి చీటీ చింపమంటారా?"

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. రెడ్డి తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నాది. గొట్టంలో మట్టి కూరింది నేను. అంతా తీశాననుకుంది నేను. ఈయన కోసి చూస్తానంటే ఒప్పుకోంది నేను. నా నోటితోనే ఈయన పని తీయించాను. ఇక నా సరుకు మోసే ప్రతి బండీ ముర్తుజాగారి చేతి కిందికి రావాల. ముందు నా కారే." రెడ్డి ముర్తుజా ఎదుటికి నడిచి రెండు చేతులూ జోడించాడు. "తప్పయింది, ముర్తుజాగారూ."

ముర్తుజా మసి చేతులను లుంగీకి తుడుచుకొని, జోడించిన ఆ చేతులను పట్టుకొని కిందికి దించాడు. భార్య వైపు చూడలేదు. నిలువునా నిలబడి, ఏడేళ్లుగా ఆ బస్టాండులో ఎవరూ వినని గొంతుతో అన్నాడు:

"చెల్లింది, రెడ్డిగారూ. పూర్తిగా చెల్లింది."