కాగితంపూల కుండీ

చలికాలం చివర్లో ఇరవై రోజులు నీళ్లు ఆపితే కాగితంపూల మొక్క విరగబూస్తుందని నేను ఇంట్లో ప్రకటించాను. మూడేళ్లుగా ఒక్క పువ్వూ ఇవ్వని ఆ మొక్క మీద నా భార్యకు జాలి. అది ఉన్న పెద్ద కుండీ మీద ఆశ.

"నోరులేనిదాన్ని మాడ్చి పూయించడం మీకే చెల్లింది. పూయకపోతే ఆ కుండీలో నా టమాటా నారు పెడతాను, సరేనా?" అంది.

ఒప్పుకుని, తేదీ నోటుపుస్తకంలో రాసుకున్నాను.

పదిహేనో రోజుకి మొక్క వాడలేదు సరికదా, నవనవలాడుతూ చిగుళ్లు వేసింది. మొగ్గ మాత్రం లేదు. అనుమానం వచ్చి, మధ్యాహ్నం నిద్ర నటించి, జామచెట్టు చాటున నక్కాను. నా భార్య చెంబుతో వచ్చింది.

"దొరికావు. పందెం గెలవడానికేనా ఈ పని?"

"పందెం లేదు, పాడూ లేదు. పాపమనిపించి రోజూ ఒక్క చెంబు పోస్తున్నాను. అయినా పొద్దున నేను ఊడవడానికి వచ్చేసరికే కుండీ తడిగా ఉంటోంది. అదెవరి పనండీ?"

నేను గడ్డం గీసుకునే మగ్గు కుండీ వెనకే ఉంది. దాన్ని తీసి వీపు వెనక దాచుకున్నాను.

పందెం ప్రకారం కుండీ టమాటాలకు పోయింది. మొక్కను పాత డబ్బాలోకి మార్చి డాబా మీద పెట్టాము. రెండు నెలల తర్వాత బట్టలు ఆరేయడానికి వెళ్లిన ఆవిడ నన్ను పైకి పిలిచింది. డబ్బా కనిపించనంతగా పూలు.

"మీ శాస్త్రం నిజమేనండీ. మనమే దానికి అడ్డం," అంది.

ఫలితం నమోదు చేద్దామని నోటుపుస్తకం తెరిచాను. మొక్కను ఏ రోజు నుంచి మరిచిపోయామో ఇద్దరికీ గుర్తులేదు.