జమాల్ బీ అడిగిన మాట

సంఘపెద్ద అయ్యాక సంజీవ ఇబ్రహీంపట్నం చర్చిలో ఆరుగురికి ప్రభువు బల్ల దగ్గర రొట్టె అందకుండా ఆపించాడు. కల్లు తాగినవాడొకడు, అత్తతో పోట్లాడిన కోడలొకతె, ఇట్లా. మూడు నెలలకోసారి పాస్టరుగారు వచ్చి రొట్టె విరిచేముందు ఒక్కొక్కరి తప్పూ అందరి ముందూ విప్పడమంటే అతనికి మహా ఉషారు. మనిషి చెడ్డవాడేం కాదు, నోరే కాస్త పెద్దది.

పోలీసు యాక్షన్ అయిన రెండు నెలలకు రాధమ్మ వంతు వచ్చింది. రజాకార్ల మీది కసితో జనం ముస్లిముల ఇళ్ల మీద పడ్డ రోజున, జమాల్ బీ ఇంట్లోంచి రాగిబిందె ఎత్తుకుపోయిందని నేరం. రాధమ్మ మొగుడు పోయిన ఒంటిమనిషి. బల్ల ఆగితే ఆమె గడప తొక్కే దిక్కుండదు.

ఆ రోజు సంగతి సంజీవకు ఇంకొకటి తెలుసు. మిట్టమధ్యాహ్నం జమాల్ బీ బిడ్డను చంకనేసుకుని వచ్చి అతని తలుపే బాదింది. "సంజీవన్నా, జర తలుపు తియ్యి!" అంతకు ముందేడు రజాకార్లు వెతుకుతుంటే అతన్ని తన ఇంట్లో దాచిన తల్లి ఆమె. అతను లోపల గడియ పట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ఇంత పిరికితనం కడుపులో పెట్టుకుని ఇంకొకరి బిందె గురించి ఎట్లా నోరెత్తాడో ఆ దేవుడికే తెలియాలి!

"తీస్కపోయినవా, లేదా?" అని చర్చిలో అందరి ముందూ రాధమ్మను గద్దించాడు.

"తీస్కపోయిన అన్నా. అందరు మోస్కపోతుంటే నాకు గూడ ఆశ పుట్టింది. తప్పే." రాధమ్మ ఏడ్చింది. "వాపస్ ఇద్దామని మొన్న పట్నంల శరణార్థులుండే కాడికి పోయిన. జమాల్ బీ ఆడనే ఉన్నది. బిడ్డ తొవ్వల్నే సచ్చిపోయిందంట."

రాధమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని మళ్లీ అందుకుంది.

"బిందె ముట్టనే లేదు. ఒక్కటే అడిగింది, గా దినం సంజీవన్న ఇంట్ల ఉన్నడా అని. ఊర్లనే లేడని చెప్పిన. 'గదే అనుకున్న, ఉంటే నా బిడ్డను బయట ఇడిశిపెట్టునా' అని కండ్లు తుడుసుకున్నది."

పాస్టరుగారు సంజీవ వైపు తిరిగారు. "రొట్టె ముట్టేముందు ఎవరి గుండె వాళ్లు తడుముకోవాలి. చెప్పు సంజీవా, ఈమెకు ఇద్దామా, వద్దా?"

సంజీవ చేతిలోని రొట్టెపళ్లెం రాధమ్మ ముందు పెట్టాడు.

"ఆమెకు ఇయ్యిండ్రి అయ్యగారూ. నాకొద్దు. గా దినం నేను ఇంట్లనే ఉన్న."

రాధమ్మ ఏడుపు ఆపి అతని ముఖంలోకి చూసింది.

"అయ్యో అన్నా! గిప్పుడు ఆమెకు నేనేం చెప్పాలె?"