ఆరో మెట్టు మీద జిర్రు

మా మేనకోడలికి నేనంటే ప్రాణం. నా మాట మీద మాత్రం ఆవగింజంత నమ్మకం లేదు. మొన్నటికి మొన్న దాని చెప్పు ఒకటి ఫ్రిజ్‌లో దొరికింది. ఇంట్లో ఏ వింత జరిగినా అందరూ ముందు నా మొహమే చూస్తారు. తొంభై శాతం సరిగ్గానే చూస్తారు.

ఆ మధ్యాహ్నం అది నా సోఫాల కొట్టులోకి గిటార్ సంచీతో ఊడిపడింది. ఎవరో వాడి అమ్మేసిన కరెంటు గిటార్, ముందురోజే కొనుక్కుంది. ఎర్ర రంగు అక్కడక్కడ లేచిపోయి, ముస్తాబైన ముసలి పెళ్ళికొడుకులా ఉంది.

"సాయంత్రం అయిదింటికి బ్యాండ్ వాళ్ళు నన్ను వింటామన్నారు మావయ్యా. వాళ్ళ గిటారిస్టు మానేశాడు. ఇన్నాళ్ళూ అరువు గిటార్ మీద నేర్చుకున్నా, అది తిరిగిచ్చేశా. ఇక ఇదే దిక్కు. ఇదేమో జిర్రుమంటోంది."

"నాకెందుకే చెప్తావు? నేను కుర్చీలకి గుడ్డ తొడిగేవాణ్ణి."

"నీ బల్ల పెద్దది, నీ పనిముట్లు మంచివి. నీ నోటితో నాకు పని లేదు."

బల్ల మీద దుప్పటి పరిచి పెళ్ళికొడుకుని పడుకోబెట్టాం. నేను ఏడో తరగతితో బడికి దణ్ణం పెట్టినవాణ్ణి కాబట్టి అది నాకు విడమరిచి చెప్పింది. గిటార్ మెడ మీద అడ్డంగా బిగించిన సన్నటి కమ్మీలే మెట్లు. ఒక మెట్టు దగ్గర తీగ నొక్కి మీటినప్పుడు, ఆ ఊపులో తీగ ముందున్న మెట్టుకి తగిలిందా, జిర్రుమంటుంది.

మొదటి మెట్టునీ చివరి మెట్టునీ ఒకేసారి నొక్కి, మధ్యలో తీగ కింద సందు ఎంతుందో కన్ను పెట్టి చూసింది. సందే లేదు.

"మెడ వెనక్కి విరుచుకుపోయింది. లోపలున్న కడ్డీ మరీ బిగుసుకుంది. దాని తాళం పెట్టి వదులు చెయ్యాలి."

"మీ నాన్నదీ ఇదే జబ్బు. దానికీ ఒక తాళం ఉందేమో చూడు."

అది నవ్వు ఆపుకుంటూ ఆ తాళంతో, అదే అలెన్ కీతో, కడ్డీని పావు తిప్పు వదులు చేసింది. తీగలు మళ్ళీ శ్రుతి చేసి మీటింది. మొదటి నాలుగు మెట్లూ శుభ్రంగా పలికాయి. పిల్ల అక్కడే ఒక గెంతు గెంతింది, బల్ల కింద మేకుల డబ్బా గలగలలాడింది. నాకూ ఒళ్ళు పొంగింది. ఒళ్ళు పొంగితే నా బుద్ధి తిన్నగా ఉండదు. అది మళ్ళీ మీటగానే పెదవులు బిగించి సన్నగా "జిర్ర్" అన్నాను.

దాని మొహం వాడిపోయింది. గిటార్ కింది కొసన తీగల్ని మోసే బ్రిడ్జి దగ్గర మర తిప్పి తీగని కాస్త పైకి లేపింది. మీటింది. నేను మళ్ళీ "జిర్ర్". మళ్ళీ లేపింది. మూడోసారి చటుక్కున తలెత్తింది.

"మావయ్యా, నీ మీసాలు వణుకుతున్నాయి."

దొరికిపోయాను. లేపినదంతా తిట్టుకుంటూ కిందికి దించింది. అసలు గండం ఆ తర్వాతే వచ్చింది. బ్యాండ్ వాళ్ళిచ్చిన పాట వాయిస్తూ మూడో తీగ మీద ఆరో మెట్టు దగ్గరికి రాగానే జిర్రుమంది. నేను నోరు విప్పలేదు.

"నేను కాదే."

"మరి నీ మీసాలా?"

ఒట్టు వేశాను, నమ్మలేదు. చెంబు తెచ్చి చేతిలో పెట్టింది. "పుక్కిట నిండా నీళ్ళు పట్టు. నేను చెప్పేలోగా మింగావో, మన మధ్య మాటల్లేవు."

బుగ్గలు పూరించుకుని స్టూలు మీద కూర్చున్నాను. సరిగ్గా అప్పుడే మా అక్క వచ్చింది. "బయల్దేరాలి కదే, ఇంకా ఏం చేస్తున్నారు? ఏరా, పన్ను నొప్పా?"

తల అడ్డంగా ఊపాను.

"మావయ్యని పలకరించకమ్మా. పరీక్షలో ఉన్నాడు."

"ఇన్నేళ్ళకి వీడు నోరు మూసుకోవడం చూశాను. గిటార్ ఏదైనా కానీ, మంచిదేనే."

నీళ్ళు దాదాపు ముక్కులోంచి వచ్చాయి. మేనకోడలు ఆరో మెట్టు నొక్కి మీటింది. జిర్రు. ముగ్గురం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.

"ఈసారి వీడు కాదు," అంది అక్క.

గటుక్కున మింగేశాను. పిల్ల ఏడుస్తుందనుకున్నాను. దాని కళ్ళు మెరిశాయి. "ఒక్క చోటే అంటోంది. అయిదులో కొంచెం, ఆరులో బాగా, ఏడు నొక్కితే అసలు లేదు. అంటే ఏడో మెట్టే లేచింది."

నా పొట్టి ఇనుప స్కేలు లాక్కుని ఆరు, ఏడు, ఎనిమిది మెట్ల మీద ఆనించింది. స్కేలు కుంటి కుర్చీలా టకటకా ఊగింది. కుంటి కుర్చీ అంటే నాకు తెలిసిన భాషే. తీగలు వదులు చేసి పక్కకి జరిపాం. మెడ కింద గట్టి మెత్త పెట్టి రెండు చేతులా పట్టుకున్నాను.

"నువ్వు కొట్టు మావయ్యా, సుత్తి నీకు అలవాటు."

"వద్దు. తేడా వస్తే జన్మంతా నన్ను తిడతావు. నువ్వే కొట్టు, తిట్టే భాగ్యం నాకూ ఒకసారి రానీ."

సన్నటి జిగురు ఒక్క చుక్క మెట్టు వారన జారవిడిచి, పైన చెక్కముక్క ఆనించి, చిన్న సుత్తితో రెండు దెబ్బలు వేసింది. జిగురు ఆరేదాకా చెక్కని అదిమి పట్టుకుంది. ఊపిరి పీల్చిందో లేదో నాకు తెలీదు, నేను మాత్రం పీల్చలేదు. మళ్ళీ స్కేలు పెట్టింది. కదల్లేదు. తీగలు బిగించి మీటింది. ఆ స్వరం గంటలా మోగి, కొట్టంతా తిరిగి, మెల్లగా ఆగింది.

"పద, పద," అంటూ అక్కే ముందు పరిగెత్తింది.

బ్యాండ్ గది ఒక పాత గోదాము పైన ఉంది. మెట్లెక్కేసరికి నాకు ఆయాసం, పిల్లకి మాత్రం కాళ్ళు నేల మీద లేవు. పాటగాడు చేతులు కట్టుకుని గోడకి ఆనుకున్నాడు. డ్రమ్ములవాడు ఫోన్ చూసుకుంటున్నాడు. పిల్ల వైరు తగిలించి, నావైపు ఒక్కసారి చూసి, మొదలుపెట్టింది.

మూడో తీగ మీదికి వచ్చింది. ఆరో మెట్టు నొక్కింది. సాగదీసింది. గదిలో ఆ స్వరం తప్ప ఏమీ లేదు. డ్రమ్ములవాడు ఫోన్ జేబులో వేసుకున్నాడు. రెండోసారి అదే చోటికి వచ్చేసరికి, ఎవరూ చెప్పకుండానే వాడి కర్రలు డ్రమ్ముల మీద దరువు అందుకున్నాయి. నా పక్కన అక్క ఆ దరువుకి నా భుజం మీద కొట్టడం మొదలుపెట్టింది, గట్టిగానే.

పాట ఆగాక పాటగాడు గోడ వదిలి వచ్చాడు. "రేపు ఏడింటికి రిహార్సల్. ఆ గిటార్ ఇక్కడే ఉంచేయ్, రోజూ ఎందుకు మోయడం?"

"ఇవాళ్టికి తీసుకెళ్తానండీ," అంది మేనకోడలు. "ఇంకా వాయించుకోవాలి."