పనికిరాని ముక్క

గిన్నెలు తోమడం అయిపోయి పొయ్యి గట్టు తుడుస్తుంటే వెనకాల అలికిడైంది. పెళ్ళైన ఇరవై రెండేళ్ళలో మొగుడు తనంతట తానుగా వంటింట్లో అడుగుపెట్టిన సందర్భాల్ని ఆమె ఒక చేతి వేళ్ళమీద లెక్కపెట్టగలదు. అప్పటికీ ఇంకా వేళ్ళు మిగులుతాయి. అలాంటిది ఈసారి చేతిలో ఓ అట్టపెట్టె పట్టుకుని మరీ వచ్చాడు.

"నీకోసమే," అన్నాడు.

ఆమె పెట్టె వైపు చూడలేదు. ముందు అతని మొహం చూసింది, తరవాత గోడమీద కేలండర్ చూసింది. పుట్టినరోజు కాదు. పెళ్ళిరోజు వెళ్ళిపోయి నాలుగు నెలలైంది, అది గడిచిన మూడో రోజున గానీ అతనికి గుర్తు రాలేదు. మరి ఇదేమిటి? ఊరికే ఇచ్చే మనుషులు లోకంలో ఉంటారు, కాదనడానికి లేదు. ఈయన మాత్రం ఆ జాబితాలో లేడు.

పెట్టెలో వైరు తగిలించిన ఓ లావుపాటి పెన్ను, వేడి తగ్గించడానికీ పెంచడానికీ ఓ మీట, రకరకాల ఇత్తడి మొనలు, రెండు తెల్లటి చెక్కపలకలు ఉన్నాయి. చెక్కమీద కాల్చి బొమ్మలు వేసే పెన్నట.

"నీ చేతిలో మంచి పనితనం ఉందోయ్. హాయిగా ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు," అన్నాడు. అని, ఆమె మొహంలోకి ఓ క్షణం చూసి వెళ్ళిపోయాడు.

హాల్లోంచి అత్తగారు అందుకుంది. "ఎంత ప్రేమో చూడు! మా ఆయన జన్మలో నాకు ఓ సూది కొనిచ్చిన పాపాన పోలేదు." కోడలు కొత్త చెప్పులు కొనుక్కుంటే వారం రోజులు మూతి ముడుచుకునే మనిషి ఈ ఖర్చుని మెచ్చుకుంటోంది! ఒక్కరు మంచిగా ఉంటే సరేలే అనుకోవచ్చు. తల్లీకొడుకులిద్దరూ ఒకే రోజున మంచివాళ్ళైపోతే ఎవరికి మాత్రం అనుమానం రాదు?

మర్నాడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆమె వరసగా ఆలోచించింది. వేరే ఆడమనిషా? ఛ, అంత ఓపిక ఈయనకెక్కడిది. రెండేళ్ళుగా ఆఫీసు పనంతా ఇంట్లోంచే చేస్తున్నాడు, భోజనాల బల్ల దగ్గరనించి కదలడు. తాగిన కప్పు కూడా ఆమె సాయంత్రం ఇంటికి చేరేదాకా ఆ బల్లమీదే ఎండిపోయి ఉంటుంది. ఏదైనా జబ్బు దాస్తున్నాడా? తిండి బాగానే తింటున్నాడు. బస్సు దిగేసరికి అనుమానం అలాగే ఉంది, సమాధానం మాత్రం దొరకలేదు.

ఆమె పనిచేసేది కళ్ళద్దాల షాపులో. ముందు గదిలో అద్దాలూ లైట్లూ నవ్వులూ ఉంటాయి. వెనక గదిలో మెషిన్ ముందు ఆమె ఉంటుంది. గుండ్రటి అద్దాన్ని ఫ్రేముకి సరిపోయేలా అంచు అరగదీసి, పగలకుండా బిగించడం ఆమె పని. వెంట్రుకవాసి తేడా వచ్చినా పెట్టుకున్నవాళ్ళకి తల తిరుగుతుంది. ఓనరు ముందుగదిలో "మా దగ్గర అంతా కంప్యూటర్ ఫిట్టింగండీ" అంటుంటాడు. ఆ కంప్యూటర్ ఆమే. పోనీలెమ్మనుకుంటుంది. ఎందుకంటే కిందటి వారం ఓ చిన్నపిల్ల మొదటిసారి కళ్ళజోడు పెట్టుకుని, వీధి అవతలి బోర్డు మీది అక్షరాలన్నీ గట్టిగా చదివేసి ఏడుపు మొదలుపెట్టింది, ఇన్నాళ్ళూ ఎవరూ తనకి చూపించలేదని. వెనకగది గుమ్మంలో నిలబడి ఆమె కూడా కళ్ళు తుడుచుకుంది. ఆ ఉద్యోగం ఆమెకి ప్రాణం. ఆ మాట ఇంట్లో ఎప్పుడూ అనలేదు, అంటే నవ్వుతారని.

పెన్ను సంగతి అనుమానంగానే ఉన్నా, పెట్టెలో ఉన్న వస్తువుని ఊరికే చూస్తూ కూర్చోలేని చెయ్యి ఆమెది. రెండు వీధుల అవతల వడ్రంగి షెడ్డు నడిపే ఆవిడ ఆదివారం పొద్దున్నే ఈ పని నేర్పుతుందని విని వెళ్ళి చేరింది. అందరూ ఆవిణ్ణి చెక్కల టీచరంటారు. పొట్టి జుట్టు, చెవి మీద పెన్సిలు, మొహమాటం లేని నోరు.

మొదటి రోజు ఆమె గీసిన మొదటి గీత మొదట్లో ఓ నల్లబొట్టు, చివర ఇంకో నల్లబొట్టు.

"ఆగుతున్నావ్ తల్లీ. పెన్ను ఆగిన చోటల్లా మచ్చ పడుతుంది," అంది టీచరు. "చెయ్యి గాల్లో కదులుతూ ఉండగానే చెక్కమీదికి దిగాలి, కదులుతూనే లేవాలి. ఆలోచించుకోడానికి చెక్కమీద ఆగకు. ఆలోచనంతా పైనే చేసుకుని రా. నొక్కకు, కాల్చేది వేడి, నీ బలం కాదు."

నొక్కడం మానడానికి మూడు ఆదివారాలు పట్టింది. ప్రతి పనీ బలమంతా పెట్టి చెయ్యడమే గదా ఆమెకి తెలిసింది! గరుకు కాగితంతో చెక్కని ఈనె వెంబడే, దాని గీతలు పోయే వైపుకే రుద్దడం, కిటికీ తెరిచి పొగ మొహానికి తగలకుండా కూర్చోవడం, మొనకి పట్టిన మసిని తుడుచుకోవడం నేర్చుకుంది. మెత్తటి చోట పెన్ను చప్పున నల్లబరుస్తుంది, గట్టి ఈనె మీద మొండికేస్తుంది. నాలుగో వారానికి ఓ ఆకు వేసింది. ఆకులాగే ఉంది. ఇంటికి తీసుకెళ్ళి అలమరలో బట్టల మధ్య దాచుకుంది. ఇంత సంతోషంగా ఉండి ఎన్నేళ్ళైందో ఆమెకే గుర్తు రాలేదు.

ఇంట్లో మాత్రం రోజురోజుకీ వింతలు పెరిగిపోతున్నాయి. కూతురు చదువుకోసం హాస్టల్లో ఉంటోంది, ఆ గది ఖాళీ. అక్కడ కూర్చుని సాధన చేద్దామని వెళ్తే, నేలకి దగ్గరగా ఉన్న సాకెట్లన్నిటికీ ప్లాస్టిక్ మూతలు బిగించి ఉన్నాయి. రెండేళ్ళుగా బాల్కనీ తలుపు సరిగ్గా పడట్లేదు, బాగుచేయించమని ఆమె మొత్తుకున్నా చెవిన వేసుకోని మనిషి, అడక్కుండా మూతలు పెట్టాడు!

"ఎందుకివి?" అంది.

"లోపలికి దుమ్ము పోతుందని," అన్నాడు, కంప్యూటర్ మీంచి తలెత్తకుండా.

ఆ వారంలోనే ఆడపడుచు ఫోన్ చేసింది. తమ్ముడితో మాట్లాడాక ఫోను ఇటు ఇమ్మనడమే ఓ విశేషం. "వింటున్నాను, బొమ్మలు బాగా వేస్తున్నావట కదా! చాలా సంతోషం. కానీ అది వేడి పెన్ను, జాగ్రత్త. పిల్లలకి అందకుండా పైన పెట్టుకో."

పిల్లలెక్కడున్నారు ఈ ఇంట్లో? ఉన్న ఒక్క పిల్లకీ పంతొమ్మిదేళ్ళు. అలాగే వదినా అని ఫోన్ పెట్టేసిందే గానీ ఆ మాట మనసులోంచి పోలేదు.

పైగా మొగుడికి ఆమె మీద ఎక్కడలేని జాలి పుట్టుకొచ్చింది. "బాగా అలసిపోతున్నావ్," అన్నాడొకరోజు. "ఈ వయసులో రోజూ ఆ బస్సుల్లో ఏం పడతావ్," అన్నాడు ఇంకోరోజు. "అందరూ నీలా ఉద్యోగం పట్టుకుని వేలాడతారా, ఇంట్లో కూర్చుని బొమ్మలేసి అమ్ముకుంటున్నవాళ్ళు ఎంతమంది లేరు," అన్నాడు మరోరోజు. అన్న ప్రతిసారీ ఓ క్షణం ఆగి ఆమె మొహంలోకి చూసేవాడు. ఆ చూపు ఎందుకో ఆమెకి అర్థం కాలేదు.

ఆ ఆదివారం టీచరు పెద్ద పలక ఇచ్చింది. ఆమె ఉబలాటంగా పెన్ను దించబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"అసలు చెక్కమీద ఎవరైనా వేడి చూస్తారా? ఇదిగో, అదే చెక్కలోంచి తెగిన పనికిరాని ముక్క. ముందు దీనికి ఆనించు. ఎంతసేపటికి ఎంత నల్లబడుతుందో చూసుకో. కొంచెం పెంచు, మళ్ళీ ఆనించు. ఎంత కాలినా బాధ లేదు. దాని సంగతి తెలిశాకే అసలుదాని జోలికెళ్ళు."

ఆమె ముక్కమీద చిన్నచిన్న గీతలు పెట్టింది. మొదటిది లేత గోధుమరంగు, రెండోది ముదురు, మూడోది కాఫీ రంగు, నాలుగోది బొగ్గు. గీత పెట్టిన ప్రతిసారీ పెన్ను ఎత్తి, ఓ క్షణం ఆగి, రంగు ఎలా మారిందో వంగి చూసింది. అలా వంగి చూస్తున్న మనిషి అలాగే ఉండిపోయింది. ఈ చూపు తను ఎక్కడ చూసిందో తట్టింది. హాయిగా ఇంట్లో కూర్చుని. అలసిపోతున్నావ్. బస్సుల్లో ఏం పడతావ్. ఉద్యోగం పట్టుకుని వేలాడతావ్. ఒక్కో మాటా ఆనించడం, ఓ క్షణం ఆగడం, మొహంలోకి చూడడం. ఓరి దేవుడా, ఇన్నాళ్ళూ తన మీద వేడి చూసుకుంటున్నారు! అయితే అసలు చెక్క ఏది? దాని మీద ఏం గియ్యబోతున్నారు?

ఉద్యోగం మాన్పించాలని. అంతవరకు తెలిసింది. ఎందుకో తెలీదు. అడిగితే చెప్పరు, "నీకన్నీ అనుమానాలే" అంటారు. ఆ మాట ఎన్నిసార్లు పడిందో! వాళ్ళకి తెలిసిన పద్ధతే తనకీ తెలిసింది ఇప్పుడు. సరే, నేనూ ఓ ముక్క పెట్టి చూస్తాను అనుకుంది.

మర్నాడు సాయంత్రం షాపునించి రాగానే బ్యాగు కుర్చీలో పడేసింది. మొగుడు బల్ల దగ్గర, అత్తగారు సోఫాలో ఉన్నారు.

"ఏవండీ, షాపులో చెప్పేశాను. నెలాఖరుకి మానేస్తున్నాను."

అని, వంగి రంగు చూసినట్టు ఇద్దరి మొహాలూ చూసింది. పదిహేనేళ్ళ ఉద్యోగం. ఏమైంది? ఎవరేమన్నారు? ఎందుకు మానేస్తున్నావ్? ఈ మూడిట్లో ఏదో ఒకటి వస్తుందేమోనని, నిజానికి రావాలనే, ఆమె ప్రాణం కొట్టుకుంది. ఒక్కటీ రాలేదు.

"మంచి పని చేశావ్," అన్నాడు మొగుడు, పెద్ద ఊపిరి వదిలి.

"కూర్చోమ్మా, నేను టీ పెడతాను," అంటూ అత్తగారు లేచింది. మోకాళ్ళ నెప్పులని పంతొమ్మిదేళ్ళుగా వంటింటి గుమ్మం దాటని అత్తగారు చకచకా నడిచి వెళ్ళింది.

మొగుడు ఫోను తీసుకుని బాల్కనీలోకి పోయి తలుపు వేసుకున్నాడు. బాగుచేయించని తలుపు గదా, ఎప్పట్లాగే జానెడు సందు ఉండిపోయింది.

"అక్కా, ఇంక మనం అడగక్కర్లేదు, తనే మానేసింది. అవునవును, పెన్ను ఉపాయం నీదే, ఒప్పుకుంటాను. సెలవు అయిపోతోంది కదా, ఒకటో తారీఖునించే పాపని ఇక్కడ దింపెయ్యమను మీ అమ్మాయిని. పొద్దున్నించి సాయంత్రందాకా మా ఆవిడ ఇంట్లోనే ఉంటుందిగా."

ఆడపడుచు కూతురికి నాలుగు నెలల పాప, ఉద్యోగానికి ప్రసవం సెలవు పెట్టి ఉంది. సాకెట్ల మూతలు, పిల్లలకి అందకుండా పెట్టుకోవాల్సిన పెన్ను, అన్నీ ఒక్కసారిగా అర్థమైపోయాయి. కోపం తరవాత వచ్చింది, ముందు సిగ్గేసింది. ఎరగా వేసినదాన్ని తను అంత ఇష్టపడిందే! అలమరలో ఆకుని దాచుకుందే! ఆ తరవాత కోపం వచ్చింది, మామూలుగా కాదు. ఎందుకంటే ఆమెకి మొదటి ఉద్యోగం గుర్తొచ్చింది. కూతురు పుట్టిన మూడో నెలలో రోజుకి నాలుగు గంటలు పిల్లని చూడమని అత్తగారిని బతిమాలింది. "కన్నది నువ్వు, చూసుకోవాల్సిందీ నువ్వే. నా మోకాళ్ళతో నావల్ల కాదమ్మా," అంది ఆవిడ. మొగుడు పేపర్ లోంచి తలెత్తి, "ఉద్యోగం ఎక్కడికి పోతుంది, మళ్ళీ దొరుకుతుందిలే," అన్నాడు. దొరకడానికి నాలుగేళ్ళు పట్టింది. దొరికాక కూడా తనకంటే చిన్నవాళ్ళ కింద అద్దాలు తుడుస్తూ మళ్ళీ మొదటినించి మొదలుపెట్టింది.

ఆకు మాత్రం నాదే అనుకుంది. పెన్ను ఎవరిచ్చినా చెయ్యి నాదే.

టీ ఇంకా మరగకముందే ఆమె ఫోను మోగింది. ఆడపడుచు కూతురు.

"అత్తా! అమ్మ ఇప్పుడే చెప్పింది. నువ్వే సరదాపడి పాపని చూసుకుంటానన్నావట? ఉద్యోగం కూడా మానేశావట? నిజమేనా? నీకు ఆ షాపంటే ప్రాణం కదత్తా! నిన్నెవరూ బలవంతపెట్టలేదు కదా?"

ఆ ఒక్క మాటకి ఆమె కళ్ళు నిండిపోయాయి. ఇంట్లో ఎప్పుడూ అనని మాట ఈ పిల్లకెలా తెలిసిందో! ఈ పిల్ల ఉద్యోగం పోకూడదు. తనది కూడా పోకూడదు. బాల్కనీలోంచి మొగుడు రావడం చూసి, ఫోను స్పీకర్లో పెట్టి బల్లమీద ఉంచింది. చెయ్యి కదులుతూనే ఉంది, ఎక్కడా ఆగలేదు.

"పాపని తీసుకురా తల్లీ. ఒకటో తారీఖునించే తీసుకురా. నువ్వు మాత్రం చచ్చినా ఉద్యోగం మానకు. నేనూ మానట్లేదు, ఇందాక ఊరికే అన్నాను. తొమ్మిదిన్నరకల్లా షాపులో ఉంటాను. మీ మావయ్య పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటారు, హాయిగా ఇంట్లో కూర్చుని చూసుకుంటారు. సాకెట్లన్నిటికీ మూతలు కూడా ఆయనే పెట్టారు. మీ అమ్మమ్మ మోకాళ్ళు కూడా నయమైపోయాయి, ఇదిగో, లేచి అందరికీ టీ పెడుతోంది. సాయంత్రం నేనొచ్చి ఎత్తుకుంటాను."

వంటింట్లో గరిట కిందపడిన చప్పుడైంది. ఫోనులో పిల్ల పకపకా నవ్వింది. మొగుడి మొహం ఎర్రగా, ఆ వెంటనే తెల్లగా అయింది.

"అదేంటి? మరి నా ఉద్యోగం?"

ఇరవై రెండేళ్ళలో పిల్లని ఎవరు చూడాలనే మాట వచ్చినప్పుడు, మరి ఉద్యోగం అని ఆ ఇంట్లో ఆమె కాక ఇంకొకరు అడగడం అదే మొదటిసారి.

"ఉద్యోగం ఎక్కడికి పోతుందండీ, మళ్ళీ దొరుకుతుందిలెండి," అని, ఆమె కూతురి గదిలోకి వెళ్ళి, సాకెట్ మూత పీకి పెన్ను వైరు పెట్టుకుంది.