ఒక్క రింగు

మగ్గం మీద తుకారాం నూలు నాడె విసిరాడు. కుడివైపు కూర్చున్న భార్య రాధమ్మ ఆ పోగును తన పట్టు పోగుతో మెలేసి, అంచు నాడెను వెనక్కి తిప్పింది. గద్వాల చీరకు అంచు పక్కన రెండో మనిషి ఉండాల్సిందే. ఆమె పెళ్లి కాకముందు నుంచీ ఆ పీట మరిది సురేష్‌ది. వాడు మస్కట్ పోయాక ఆమెకు వచ్చింది. నడుము అలవాటు పడింది గానీ మనసు పడలేదు.

కిందటిసారి సురేష్ సెలవుకు వచ్చినప్పుడు ఇంటి వాటా దగ్గర అన్నదమ్ములకు మాటామాటా పెరిగింది. ఆ తర్వాత ఫోను లేదు. ఇప్పుడు తుకారాం గుండె జబ్బు దవాఖాన మందులకు లొంగేలా లేదు. తమ్ముడితో ఒక్కసారి మాట్లాడితే చాలనుకుని ఫోనులో బ్యాలెన్స్ వేయించాడు, చేయడానికి మాత్రం మొహం చెల్లలేదు.

ఫోను ఒక్క రింగు మోగి ఆగింది. ఒక్క రింగంటే మీరు చేయండని సురేష్ పెట్టిన గుర్తు. మస్కట్‌లో తన గదిలో ఎవరి ఫోను దొరికితే దాంతోనే చేసేవాడు. కాబట్టి మన దేశపు నంబరు కాకపోతే చాలు, వాడే.

"తమ్ముడే!" తుకారాం వెంటనే ఆ నంబరుకు తిరిగి చేశాడు. ఫోను చెవికి అదుముకుని చాలాసేపు విన్నాడు. "మోగుతుంది... ఎత్తుతలేడు."

"పనిల ఉన్నడేమో. జర ఆగు."

కాసేపటికి దానంతటదే తెగిపోయింది. మళ్లీ చేస్తే బ్యాలెన్స్ లేదంది.

"పిలిచి ఎత్తలే రాధా. వానికి ఇంక కోపం పోలే."

రాధమ్మకు మరిదిని నాలుగు తిట్టాలనిపించింది. అంత ఓపికా లేదు. ఫోను పట్టుకుని కాళ్లీడ్చుకుంటూ రీచార్జి దుకాణానికి వెళ్లింది. దుకాణం నడిపే ఉదయ్ కిరణ్ ఆ నంబరు చూసి తల పట్టుకున్నాడు.

"అక్కా, ఇది మస్కట్‌ది కానే కాదు. ఎక్కడిదో దొంగ నంబరు. ఒక్క రింగిచ్చి ఆశపెడ్తరు. మీరు చేస్తే ఉత్తుత్తి మోత వినిపించి పైసలు గుంజుతరు."

"అంటే ఎత్తంది మా సురేష్ కాదా?"

"ఆయనకు ఫోనే పోలేదక్కా."

పైసలు పోయినందుకు సంతోషించిన మనిషి ఆ పూట గద్వాలలో ఆమె ఒక్కతే అయి ఉంటుంది. మళ్లీ బ్యాలెన్స్ వేయించుకుని గబగబా ఇంటికి వచ్చింది. తుకారాం మగ్గం మీద తల వాల్చి ఉన్నాడు. అలిగాడనుకుంది.

"ఏమయ్యా, వాడు కాదంట! ఎవరో దొంగోళ్లంట. తమ్మునికి నీ మీద కోపం లేదు. లే, ఇప్పుడే చేద్దాం."

అంతా చెప్పాకే భుజం మీద చెయ్యి వేసింది. అతని ఒళ్లు అప్పటికే చల్లబడి ఉంది.

సురేష్ పీట ముందు అంచు నాడె అలాగే ఉంది. దాని పట్టు పోగు తుకారాం నూలు పోగును ఇంకా పట్టుకునే ఉంది.