మొరం గుంతల లేసిన గడ్డి

మొన్న మంగళారం మా అండాలమ్మక్కను పోలీసోళ్ళు రెక్క పట్టి గుంజుకపోయి వ్యాన్‌ల ఏసిండ్రు. ఏం నేరం చేసింది? ఊరి జాగల గొర్లను మేపింది. గింతే! కోచింగులు ఇడిసిపెట్టి గీ దిల్‌సుఖ్‌నగర్ డేరాల తెలంగాణ కోసం కూసున్న బిడ్డలారా, మీకు గిది జెప్పాల్నని బాటసింగారం కాడికెల్లి ఒచ్చిన. సమ్మెకు బస్సులు బంద్ గదా, సగం నడిచిన, సగం లారెక్కిన. నా పేరు కిష్టమ్మ.

మా ఊరి గైరాన్‌ల, అంటే గొర్లు మేసే సర్కారు జాగల, కాంట్రాక్టర్ దశరథ ఆరేండ్లు రోడ్లకు పోసే మొరం తవ్వుకపోయిండు. మాకు గుంత మిగిలింది. మేం దాన్ని ఇడ్వలే. గుంత అంచులు చెక్కి వాలు చేసినం. చెరువు మట్టి తట్టలకెత్తి పోసినం. రైతుల చెల్కలల్ల ఎరువుకని పెట్టే మందలను రెండు ఎండకాలాలు గుంతలనే ఆపినం. పెంట పడి మట్టికి పానం ఒచ్చింది. గీ వానలకు మోకాలెత్తు గడ్డి లేసింది. చూసి ఏడ్సిన, చెప్పనీకి సిగ్గేంది!

గప్పుడే తప్పు జేసినం. మా గొల్లోళ్ళ కట్టుబాటు ఒకటుంది: కొత్త గడ్డి గింజ రాలేదాంక ఒక్క గొర్రె మూతి పెట్టొద్దు. చుట్టు ముండ్ల కంప కొట్టి, మందలను దూరం తోలుకపోయినం. గా సందు చూసి దశరథ ఒక ఆఫీసరును తోల్కొచ్చిండు. "మంద లేదు, మనిషి లేడు, పడావు జాగ" అని కాయితం రాపిచ్చుకున్నడు. ఇగ ప్లాట్లు చేస్తడంట.

సమ్మెకు ఆఫీసులు బంద్, బడులు బంద్. దశరథ జేసీబీ మాత్రం బంద్ లేదు. మెడల తెలంగాణ కండువా ఏసుకొనే దిగిండు.

"నేను మీ వోన్నే అక్కా. తెలంగాణ రానియ్యి, ఇంకోతాన జాగ చూపిస్త," అన్నడు.

"మనోడు బొంద తవ్వితే మట్టి కమ్మగుంటదారా?" అన్నది అండాలమ్మక్క.

గా కాయితం అబద్ధమని చూపియ్యనీకి మందలు దింపుదామని ఆమె మొగడు సైదులు బావ లేసిండు. ఆమెనే అడ్డం పడ్డది.

"గింజ ఇంకా పాల మీదుంది. ఇప్పుడు మేపితే వచ్చేటేడు మొల్వది!"

"వచ్చేటేడు దాంక భూమి ఉంటెగా!" అని నేను ఒర్రిన.

గప్పుడు అండాలమ్మక్క తన చేతులతోనే కంప గుంజేసింది. నాలుగొందల గొర్లు దిగినయ్. జేసీబీ ఆగింది. రెండేండ్ల మా కష్టాన్ని మా గొర్లే మా ముంగట నమిలినయ్.

ఇన్‌స్పెక్టర్ ఒచ్చి గొర్లను తోలుకపొమ్మన్నడు.

"గీ ఊరి గొర్లు గీడనే మేస్తయ్. గిది రాసుకో సార్," అన్నది అండాలమ్మక్క.

అక్కను, సైదులు బావను కలిపి తొమ్మిదిమందిని వ్యాన్ ఎక్కించిండ్రు. గొర్లను మాత్రం మేం గాడికెల్లి తోల్లే. గడ్డి అయిపోయింది, గొర్లకు చెట్ల మండలు కొట్టి ఏస్తున్నం. రేపు ఇంకో వ్యాన్ ఒస్తదంట.

ఇందాక మీ లీడర్ సారు నాతోని, "ముందుగాల తెలంగాణ రానియ్యమ్మా," అన్నడు. దశరథ సుత గదే అన్నడు నాయనా. నేనైతే ఆగ. మాకు మండలు మోసెటోళ్ళు కావాలె, వ్యాన్ ఎక్కెటోళ్ళు కావాలె. లేవుండ్రి, చెప్పులు తొడుక్కోండ్రి.