నూకరత్నం కొన్న పాత గ్రైండరు

పిండి రుబ్బడమే నా బతుకు. కోయంబత్తూరులో తయారయ్యాను. నా రాళ్లకు ఉలితో గాట్లు పెట్టినాయన మంచి పనిమంతుడు. కొనేవాళ్ల సంగతి మాత్రం ఆయన చేతిలో లేదు కదా!

అనకాపల్లి షాపులో నన్ను మొదట కొన్నది తాతారావనే ఆటోడ్రైవరు. ముందుగా రూపాయి కూడా కట్టక్కర్లేదన్నారని నన్నూ, టీవీనీ, ఫ్రిజ్‌నూ ఒకే రోజు ఇంటికి తెచ్చుకున్నాడు. మూడు వాయిదాలూ కలిసి మీద పడేసరికి ఊపిరాడలేదు. షాపువాళ్లొచ్చి నన్ను మోసుకుపోతుంటే, అతని భార్య నానిన పప్పు గిన్నెతో గుమ్మంలోనే నిలబడిపోయింది.

తర్వాత షాపు మూల దుమ్ము పట్టి ఉన్న నన్ను నూకరత్నం చూసింది. ఆమె వీధిలో దోసెల పిండి అమ్ముతుంది. అద్దె గ్రైండరు దగ్గర వంతు కోసం కాచుకుని విసిగిపోయింది.

"నెలకి ఎనిమిదొందలే అక్కా, పట్టుకుపో" అన్నాడు సేల్స్‌మన్.

"ఎన్ని నెలలేటి?"

"పద్దెనిమిది."

"అంటే పద్నాలుగు వేల నాలుగొందలు! మరి రొక్కమిస్తే?"

అతను గొంతు తగ్గించాడు. "తొమ్మిది వేలు."

ఆమె వెంట వచ్చిన భర్త సింహాద్రి తాపీమేస్త్రీ. "ఎనిమిదొందలే కదే, తీసీసుకుందాం" అని తొందరపెట్టాడు.

"నెలకెంతని సూత్తే సిన్నగానే ఉంటాది. అంతా కలిపి సూడు" అని ఆమె షాపు మెట్లు దిగిపోయింది.

నాకు చిన్నతనమనిపించింది. వారానికే తిరిగొచ్చింది. రోజుకు ఎంత పిండి అమ్మగలదో ముందే లెక్క చూసుకుని, మహిళా సంఘంలో నూటికి నెలకు రూపాయి వడ్డీకి తొమ్మిది వేలు తెచ్చింది. పది నెలల్లో తీర్చేసింది. వడ్డీ అయిదొందలు కూడా కాలేదు.

నేను ఆమెకు దణ్ణం పెట్టాలనుకున్నది మాత్రం ఆ తర్వాత. అప్పు తీరినా వాయిదా ఆపలేదు. ప్రతి నెలా అంతే డబ్బు పోస్టాఫీసులో వేసేది.

"ఇంకెవులికి కడతన్నావే? ఆపీ!" అని సింహాద్రి నవ్వేవాడు.

"మనకే" అనేది.

రెండేళ్లకు అతను పరంజా మీంచి పడి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. వీధిలోని వడ్డీవ్యాపారి పరామర్శకు వచ్చి, ఎంత కావాలంటే అంత ఇస్తానన్నాడు. నూకరత్నం టీ ఇచ్చి మర్యాదగా సాగనంపింది. పోస్టాఫీసులో దాచిన డబ్బు వైద్యానికి సరిపోయింది. నా పిండి ఇల్లు నడిపింది. ఎవరి ముందూ చెయ్యి చాపలేదు.

ఒక ఉదయం సింహాద్రి కట్టుతోనే నా దగ్గరికొచ్చి, ఎడంచేత్తో పప్పు పోయబోయాడు. సగం నేలపాలైంది.

"ఆపీమని నానే అన్నాను" అన్నాడు తల దించుకుని. "నువ్వు ఇన్నావు కాదు. ఇని ఉంటే ఏటైపోదుమో."

ఆమె కళ్లు తుడుచుకుంది. "ముందు పప్పెత్తు" అంది.

ఇద్దరూ నేల మీద కూర్చుని, ఉన్న మూడు చేతులతో పప్పు ఏరుతూ ఎందుకో నవ్వడం మొదలుపెట్టారు. ఆ పూట పిండి ఆలస్యమైంది. నాకేం తొందర లేకపోయింది.